ఎడమ తలుపు

దరఖాస్తు కాగితం చివర రెండు ఖాళీ గీతలున్నాయి. వాటి పైన ఒక ప్రశ్న: మీ వాహనాన్ని క్లాసిక్‌గా ఎందుకు పరిగణించాలి?

నలభై రెండేళ్ళుగా పిల్లలకి ఏ ప్రశ్నకైనా రెండు వాక్యాల్లో జవాబు రాయడం నేర్పినదాన్ని. ఆ కాగితం మే నెలంతా మా వంటింటి బల్ల మీద, పంచదార డబ్బా కింద పడి ఉంది.

మా ఊరు నెదర్ కాట్లీలో ఏటా జూలై రెండో ఆదివారం క్రికెట్ మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరుగుతుంది. మైదానం చుట్టూ తెల్ల తాడు కడతారు. కమిటీ ఒప్పుకున్న కార్లు తాడు లోపల నిలబడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళ కార్లు పక్కనున్న గొర్రెల పొలంలో నిలబడతాయి. నా భర్త డెస్ రెండేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టాడు. రెండేళ్ళూ గొర్రెల పొలంలోనే నిలబెట్టాడు. ఆ రెండు గీతల మీద ఏనాడూ ఒక్క అక్షరం రాయలేదు.

"చూసి తెలుసుకోలేనివాడికి రాస్తే మాత్రం ఏం తెలుస్తుంది?" అనేవాడు.

మాది ఆస్టిన్ మేస్ట్రో. పాలు ఎక్కువైన టీ రంగు. ఒకప్పుడు మా వీధిలో నాలుగుండేవి. పిల్లల్ని బడిలో దింపడానికి, వాన పడితే ముసలమ్మల్ని చర్చికి తీసుకుపోవడానికి, శనివారం బంగాళదుంపల బస్తా తెచ్చుకోవడానికి కొనుక్కున్న కార్లు. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. డెస్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే పని చేశాడు. ఈ కారు మీరే చేశారా అని ఎవరైనా అడిగితే, "అబ్బే, నేనెప్పుడూ కారు చెయ్యలేదండీ. ఎడమ తలుపులు బిగించాను. మిగతాది ఎవరు చేశారో వాళ్ళనే అడగండి" అని నవ్వేవాడు.

మార్చి పన్నెండు, ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. మా అమ్మాయి టామ్సిన్ గ్యారేజికి వెళ్ళింది. డెస్ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడట. ఒళ్ళో కారు తుడిచే గుడ్డ. రేడియోలో ఫుట్‌బాల్ మాటలు. ఒక్క నిమిషంలో అయిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. మంచి మాటే. ఆ తర్వాత చాలాసార్లు దాన్ని నాలో నేను చెప్పుకున్నాను.

టామ్సిన్ మళ్ళీ గ్యారేజిలో అడుగు పెట్టలేదు.

*

మే నెలాఖరున ఒక సాయంత్రం, బీన్స్ గిన్నె నా వైపు జరుపుతూ టామ్సిన్ అంది.

"అమ్మా, కార్ల్ డాగెట్ అని ఒకాయన ఉన్నాడు. కారు తీసుకుంటానన్నాడు."

"ఎందుకు?"

"పందేలకి."

ఆ పందేలు నాకు తెలుసు. అద్దాలు పీకేసి, తలుపులు తెరుచుకోకుండా వెల్డింగు చేసి, పాత కార్లని ట్రాకు మీదికి తోలతారు. ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరుగుతాయి. చివరిదాకా కదులుతూ ఉన్నది గెలుస్తుంది. గెలిచినదాన్నీ ఓడినదాన్నీ ఒకే లారీలో తుక్కుకి పంపుతారు.

నేను ఫోర్కు కింద పెట్టాను. "నాన్న కారు అది."

"నాన్న కారు కాబట్టే అంటున్నా. బట్టలారేసుకోడానికి వెళ్ళినా ఆ షెడ్డు తలుపే కనపడుతుంది. ఆ రోజు పొద్దున నేనేమన్నానో నీకు తెలుసుగా."

తెలుసు. నేనక్కడే ఉన్నాను. ఆదివారమైనా కాసేపు ఇంట్లో కూర్చోవచ్చు కదా నాన్నా, మీకు మా కంటే ఆ రేకు డబ్బాయే ఎక్కువ, అంది. డెస్ నవ్వి, గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళాడు. ఇలాంటి మాటలు ప్రతి ఇంట్లో వారానికోసారి వినపడతాయి. వాటిలో ఏది ఆఖరిదో ఎవరూ ముందుగా చెప్పరు.

"నేను ప్రదర్శనకి దరఖాస్తు పెడదామనుకుంటున్నాను" అన్నాను. "ఏప్రిల్‌తో నలభై నిండాయి దానికి."

"నాక్కూడా నిండాయి. నన్నెవరూ తాడు లోపల నిలబెట్టడం లేదు." నవ్వబోయి ఆగింది. బీన్స్ ఫోర్కుతో పక్కకి తోసింది. "సరే అమ్మా. ఒక మాట అనుకుందాం. అది క్లాసిక్కే అని వాళ్ళు ఒప్పుకుంటే ఉంచుకో. నేనింకేం అనను. ఒప్పుకోకపోతే డాగెట్‌కి ఫోన్ చెయ్యాలి. నువ్వే చెయ్యాలి."

"సరే."

"మాటేనా?"

"మాటే" అన్నాను.

*

కమిటీకి పెద్ద ఓబ్రీ పెల్లింగ్. రిటైరైన వకీలు. ఆయన దగ్గర పొడవాటి ముక్కున్న ముదురాకుపచ్చ జాగ్వార్ ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. డెస్ అంత్యక్రియలకి వచ్చి, చివరి వరసలో నిలబడి, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. పోస్టాఫీసు వరసలో నా ముందు నిలబడి ఉంటే అడిగాను.

"పెల్లింగ్ గారూ, మీ కమిటీ దృష్టిలో క్లాసిక్ అంటే ఏమిటో కాస్త చెబుతారా?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ దగ్గర దాచడమెందుకు మిసెస్ హోలిస్. వయసొక్కటే చాలదండీ. జనం కలలు కన్న కారై ఉండాలి. గోడ మీద బొమ్మ అంటించుకుని, ఎప్పటికైనా కొనాలనుకున్న కారు. డెస్ కారు మంచిదే, నేను కాదనను. కానీ దాని బొమ్మ ఎవరూ గోడకి అంటించుకోలేదు. పాలు తెచ్చుకోడానికి వాడారు."

"పాలు కూడా కావాలి కదండీ" అన్నాను.

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పెల్లింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "కాగితం ఇవ్వండి. ఆ రెండు గీతలూ మాత్రం నింపండి, మీరు టీచరు. మీరు రాస్తే కమిటీ చదువుతుంది" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ రాత్రి బల్ల ముందు కూర్చుని పెన్ను తెరిచాను. లక్షల్లో తయారైన ఈ కారు ఇప్పుడు రోడ్ల మీద కొన్ని వందలే మిగిలింది, అని రాయవచ్చు. నిజమే. కానీ ఆ ఏడాది కుట్టిన చలికోట్ల గురించి కూడా అది నిజమే. కొట్టేశాను. ఇంకేమీ రాయలేకపోయాను.

*

మూడు నెలలుగా కదలని కారు స్టార్టవ్వలేదు. సెల్విన్‌కి ఫోన్ చేశాను.

సెల్విన్ గ్రీనిడ్జ్ కుర్రవాడుగా ఉన్నప్పుడు బార్బడోస్ నుంచి వచ్చాడు. కౌలీలో కార్లు కూర్చే లైను మీద కుడి తలుపులు అతనివి, ఎడమ తలుపులు డెస్‌వి. పంతొమ్మిదేళ్ళు ఎదురెదురుగా నిలబడి, మధ్యలో కార్లు నడిచిపోతుంటే వాటి కిటికీల్లోంచి మాట్లాడుకున్నారు. జూన్ రెండో శనివారం పొద్దున బస్సు దిగి వచ్చాడు. ఒక చేతిలో పనిముట్ల సంచి, ఇంకో చేతిలో వాళ్ళావిడ చేసిన కొబ్బరి రొట్టె.

"ఎలా ఉన్నావు సెల్విన్?"

"మోకాళ్ళు రిటైరయ్యాయి మారియన్. చేతులకింకా ఆ సంగతి తెలీదు."

బ్యాటరీ మార్చాడు. పెట్రోలు గొట్టం ఊది శుభ్రం చేశాడు. నాలుగోసారికి ఇంజను దగ్గి, అందుకుంది. ఆ చప్పుడుకి వంటింటి కిటికీలో టామ్సిన్ నీడ కదిలి, పక్కకి తప్పుకుంది.

సెల్విన్ కారు చుట్టూ తిరిగి ఎడమ తలుపు తెరిచి మూశాడు. మెత్తగా పడింది. "ఈ తలుపు మాత్రం ఎవరో బాగా బిగించారు" అన్నాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆ మాట అనేవాడు. అన్నప్పుడల్లా అతనూ డెస్ ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. డెస్‌ని ఆటపట్టిస్తున్నాడనుకునేదాన్ని. ఆ రోజు సెల్విన్ ఒక్కడే అన్నాడు, నవ్వలేదు.

ఆ తలుపు అద్దం సగంలో ఇరుక్కుపోయింది. పిడి తిప్పితే ఊరికే తిరుగుతోంది.

"లోపల పళ్ళు అరిగిపోయాయి. తలుపు లోపలి అట్ట విప్పాలి" అన్నాడు. వంటింటి కిటికీ వైపు చూశాడు. "టామ్సిన్‌ని పిలువు. లైటు పట్టుకోవాలి. నా చేతులు వణుకుతాయి."

అంతకు కాస్త ముందే నా ఎదుట నిండు కప్పు టీ చుక్క ఒలకకుండా తాగాడు. వెళ్ళి పిలిచాను.

"నువ్వు పట్టుకోవచ్చుగా అమ్మా."

"నిన్నే అడిగాడు."

గ్యారేజి గుమ్మం దగ్గర ఆగిపోయింది. సెల్విన్ తల తిప్పకుండానే అన్నాడు. "రా పిల్లా. కారేం కరవదు. కరిచినా మీ నాన్న దానికి పళ్ళు బాగానే తోమాడు."

"సెల్విన్ మామా, నాకు పనుంది."

"పావుగంట. పావుగంట కంటే ఎక్కువైతే నా వాటా కొబ్బరి రొట్టె కూడా నువ్వే తిను."

వచ్చింది. లైటు పట్టుకుంది. డ్రైవరు సీటు వైపు మాత్రం చూడలేదు. సెల్విన్ పిడి ఊడదీసి, అట్ట అంచులోకి చదునైన స్క్రూడ్రైవరు పెట్టి ఒక్కో క్లిప్పూ విప్పాడు. అట్ట చేతిలోకి వచ్చింది. దాని వెనక బూడిదరంగు రేకు, దుమ్ము, ఎండిపోయిన జిగురు.

"కాస్త పైకి పట్టు లైటు" అన్నాడు. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ."

రేకు మీద నీలం మైనపు పెన్సిలుతో ఏదో రాసి ఉంది. లైను మీద తలుపులకి గుర్తులు పెట్టే పెన్సిలు అది. డెస్ కోటు జేబుల్లో ఎప్పుడూ ముక్కలు దొరికేవి, బట్టలుతికితే చారలు పడేవి. టామ్సిన్ ముందుకి వంగి చదివింది. బడిలో కొత్తగా చేరిన పిల్లలా ఒక్కో మాటే పైకి చదివింది.

"ఇరవై రెండు, నాలుగు, ఎనభై మూడు. ఈ తలుపు డెస్ బిగించింది కాదు. డెస్ ఈ రోజు పనికి రాలేదు. కూతురు పుట్టింది. ఎస్. జి."

లైటు కదిలింది. సెల్విన్ చెయ్యి చాచి దాన్ని నిలకడగా పట్టుకున్నాడు.

"బదులు మనిషి వచ్చేదాకా రెండు వైపులా నేనే పరిగెత్తా ఆ రోజు" అన్నాడు. "ఊపిరాడక చచ్చాననుకో. ఆ కోపంతో రాశా. తర్వాత ఈ కారు బాడీ నంబరు చీటీ మీద రాసి మీ నాన్నకిచ్చా, నువ్వు నాకు ఇంత బాకీ అని."

"నాన్నకి తెలుసా, ఇది ఇదేనని?"

"తెలియకపోతే పదకొండేళ్ళు వెతుకుతాడా?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. శనివారం శనివారం పాత కార్లమ్మే స్థలాల దగ్గర ఆగి, మేస్ట్రో కనబడితే చాలు, బానెట్ ఎత్తి లోపలి నంబరు చూసేవాడు. మగవాళ్ళ పిచ్చి అనుకుని నేను చీటీలో సరుకులు సరిచూసుకుంటూ కూర్చునేదాన్ని. తొంభై నాలుగులో బాన్‌బరీలో ఈ కారు కొన్నాడు. దాని పక్కనే తక్కువ తిరిగిన నీలంది ఉంది. నీలంది కొనమన్నాను. వినలేదు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు నేను.

"చెప్పలేదేం మరి?" అంది టామ్సిన్.

"చెబుదామనే. నీకూ దీనికీ నలభై నిండే రోజున అట్ట విప్పి చూపిస్తానన్నాడు. ఫిబ్రవరి నుంచి అదే పని, తుడవడం, మెరుగు పెట్టడం." సెల్విన్ స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచాడు. "అంత్యక్రియలప్పుడు చెప్పేద్దామా అనుకున్నా. మాటల్లో చెప్పేది కాదనిపించింది."

టామ్సిన్ లైటు నా చేతికిచ్చి బయటికి వెళ్ళింది. బట్టలారేసే తీగ దగ్గర, మా వైపు వీపు పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత తిరిగి వచ్చి లైటు మళ్ళీ తీసుకుంది.

"పావుగంట అవ్వలేదు కదా మామా" అంది.

అద్దాన్ని ఎత్తే భాగం వెంటనే దొరకదన్నాడు సెల్విన్. ఎక్కడో ఎవరి షెడ్డులోనో ఉంటుంది, వెతకాలి. అట్ట వెనక సీట్లో పెట్టి, తలుపుని అలాగే వదిలేశాం.

*

దరఖాస్తుకి గడువు ఆ గురువారం. ఇప్పుడా రెండు గీతల మీద ఏం రాయాలో నాకు తెలుసు. ఆ నీలం అక్షరాలు ఎత్తి రాస్తే చాలు. పెల్లింగ్ టోపీ తీసేవాడు. తాడు లోపల చోటిచ్చేవాళ్ళు. పక్కన ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టేవాళ్ళు. ఐస్‌క్రీము తింటూ జనం వంగి వంగి చూసేవాళ్ళు. డెస్ దాన్ని చూపించాలనుకున్నది వాళ్ళకి కాదు.

బుధవారం సాయంత్రం కాగితం మడిచి కవరులో పెట్టాను.

"రాశావా?" అంది టామ్సిన్.

"లేదు."

"ఖాళీగానే ఇస్తున్నావా?"

"ఖాళీగానే."

కవరు వంకా నా వంకా చూసింది.

జూన్ చివర్లో జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. రోజువారీ వాడకం కోసం పెద్ద సంఖ్యలో తయారైన కుటుంబ వాహనం కావడం వల్ల ఈ ఏడాది కూడా చోటు ఇవ్వలేకపోతున్నామనీ, కుటుంబ సమేతంగా ప్రదర్శనకి తప్పక రావాలనీ ఉంది. కింద పెల్లింగ్ తన చేత్తో 'విచారంతో' అని రాశాడు.

నేను రెండోసారి చదవలేదు. గోడకున్న ఫోను దగ్గరికి వెళ్ళి డాగెట్‌కి ఫోన్ చేశాను. క్లాసులో ముప్ఫై మంది ముందు మాట ఇచ్చి తప్పినా మన్నిస్తారు. ఇంట్లో ఒక్క మనిషి ముందు తప్పితే అంత తేలిక కాదు. వచ్చే శనివారం పదింటికి అన్నాడు.

ఆ వారం నేను గ్యారేజికి వెళ్ళలేదు. రిటైరయ్యే ముందు బడిలో అది నా ఆఖరి టర్ము. పిల్లల రిపోర్టులు రాయాల్సినవి చాలా ఉన్నాయి. అవి రాశాను.

శనివారం పదింటికి, వెనక కార్లెక్కించే ట్రైలరు తగిలించిన బండి వచ్చి గేటు ముందు ఆగింది. డాగెట్ లావుపాటి, నెమ్మదైన మనిషి. టోపీ తీసి నమస్కారంగా తల ఊపాడు.

"ఇలాంటివి ఇప్పుడెక్కడా దొరకడం లేదమ్మా. జనానికి భలే ఇష్టం, అందరి ఇళ్ళల్లోనూ ఉండేవిగా. మీరేం బెంగ పెట్టుకోకండి. మంచి ఆఖరి పరుగు ఇస్తా దానికి."

"అలాగే" అన్నాను. తాళం చెవి ఎప్పుడూ వంటింటి మేకుకి ఉంటుంది. తేవడానికి లోపలికి వెళ్ళాను. మేకుకి లేదు.

గ్యారేజిలోంచి ఇంజను చప్పుడు వినిపించింది.

నేను వచ్చేసరికి టామ్సిన్ కారుని సగం బయటికి తెచ్చి ఆపింది. డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీద. అట్ట లేని ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపలి రేకు మీద నీలం అక్షరాలు ఎండలో కనపడుతున్నాయి.

"క్షమించండి డాగెట్ గారూ" అంది కిటికీలోంచి. "మీకు అనవసరంగా తిరుగుడైంది. ఇది ఇవ్వడం లేదు."

"మీ అమ్మగారు ఫోన్ చేశారే."

"అమ్మ మాట మీద నిలబడే మనిషండీ. ఆవిడ తప్పు లేదు."

నేను దగ్గరికి వెళ్ళాను. "టామ్సిన్, కమిటీ ఒప్పుకోలేదు కదా."

"ఏ కమిటీ?" అంది.

డాగెట్ మా ఇద్దరినీ చూశాడు. తర్వాత ఎడమ తలుపు వైపు చూసి, వంగి, పెదవులు కదుపుతూ చదివాడు. నిటారుగా నిలబడి టోపీ పెట్టుకున్నాడు.

"నాకూ ఇద్దరు ఆడపిల్లలేనమ్మా" అని తన బండి ఎక్కాడు.

*

ప్రదర్శన రోజు ఇద్దరం ఆ కారులోనే వెళ్ళాం. టామ్సిన్ నడిపింది. గేటు దగ్గర పసుపు కోటు వేసుకున్న కుర్రాడు మమ్మల్ని చూసి, అలవాటుగా చెయ్యి పక్కకి ఊపాడు. గొర్రెల పొలం. ఒక కొత్త కారుకీ ఇంకో కొత్త కారుకీ మధ్య నిలబెట్టాం. రొట్టెల డబ్బా తెరిచాం.

ఒకావిడ పిల్లలతో పోతూ ఆగి, సగం తెరిచిన అద్దంలోకి ముక్కు పెట్టి వాసన చూసింది. "అబ్బ, అదే వాసన! మా నాన్న దీన్ని తిట్టని రోజు లేదు" అంది. తిట్లు కూడా చెప్పింది, పిల్లల చెవులు మూసి. టామ్సిన్ నవ్వింది. మార్చి తర్వాత దాని నవ్వు వినడం అదే మొదటిసారి. ఆవిడ వెళ్ళేటప్పుడు చేత్తో బానెట్ తట్టి వెళ్ళింది.

తాడు అవతలనుంచి పెల్లింగ్ మా వైపు చూశాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆయనా ఎత్తాడు.

జూలై ఆఖరు వారంలో అద్దం ఎత్తే భాగం దొరికింది. యార్క్‌షైరులో ఎవరో ముసలాయన కోళ్ళ షెడ్డులో దాచినది. సెల్విన్ తెచ్చి బిగించాడు. అట్ట ఎత్తి పెట్టబోతూ ఆగి, కోటు జేబులో చెయ్యి పెట్టాడు. నీలం మైనపు పెన్సిలు, బొటనవేలంత ముక్క.

"మూసే ముందు ఏదైనా ఉంటే" అన్నాడు, మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా.

టామ్సిన్ దాన్ని తీసుకుని నా చేతికిచ్చింది.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ సీట్లో కూర్చున్నాను. నా మోచెయ్యి ఆ అక్షరాలకి జానెడు దూరంలో ఆనించుకుని సరుకుల చీటీలు చదివాను. మోకాళ్ళ మీద కూర్చుని, సెల్విన్ రాత కింద, బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా రాశాను. రెండే వాక్యాలు పట్టాయి.

12-3-23. డెస్ ఈ రోజు భోజనానికి రాలేదు. కారు టామ్సిన్ నడుపుతుంది.

టామ్సిన్ అట్టని తలుపుకి ఆనించి, అరచేత్తో ఒక్కో క్లిప్పూ నొక్కింది. తర్వాత పిడి తిప్పి, అద్దాన్ని చివరిదాకా ఎత్తింది.